మచ్చకూ మాటకూ నడుమ: చర్మ క్యాన్సర్ నిర్ధారణలో నిరీక్షణ చరిత్ర

సింగపూర్‌లో టోవా పాయో స్టేషన్‌లో రైలెక్కి దక్షిణానికి వెళితే తరువాతి స్టేషన్ నొవీనా. రెండు మూడు నిమిషాల ప్రయాణం. అక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలో, మండలే రోడ్డు మీద, ఆ దేశపు జాతీయ చర్మవైద్య కేంద్రం ఉంది. టోవా పాయోలో ఉండే మనిషి ఒంటి మీద ఒక మచ్చ రంగు మారిందనో, అంచు చెదిరిందనో, మానిన పుండు మళ్ళీ రేగిందనో పాలీక్లినిక్ వైద్యుడికి చూపిస్తే, ఆయనకు అనుమానం కలిగితే, సాధారణంగా ఉత్తరం రాసి పంపేది అక్కడికే. అక్కడ మత్తు సూది వేసి మిరియపు గింజంత చర్మాన్ని తీస్తారు, ఒకటి రెండు కుట్లు వేస్తారు. అరగంటలో పని అయిపోతుంది. ఆ తరువాత ఫలితం కోసం ఎదురుచూడాలి. ఒక వారం, రెండు వారాలు, కొన్ని సందర్భాలలో అంతకన్నా ఎక్కువ.

ఈ ఎదురుచూపును మనం సాధారణంగా ఆసుపత్రుల ఆలస్యంగానే లెక్క వేస్తాం. కాగితం ఎక్కడో ఆగిందనీ, ఎవరో సెలవులో ఉన్నారనీ అనుకుంటాం. అలాంటివి ఉండవచ్చు. కాని చర్మ క్యాన్సర్ నిర్ధారణ చరిత్రను తిరగేస్తే, ఆ రోజుల్లో చాలా భాగం ఆలస్యం కాదని తెలుస్తుంది. కొంత రసాయనిక చర్యలు తీసుకునే కాలం. కొంత ఒకే ముక్కను చూసిన ఇద్దరు నిపుణుల కళ్ళు ఏకీభవించడానికి పట్టే కాలం. వీటన్నిటికీ ముందు, శరీరమే తీసుకునే కాలం మరొకటి ఉంది. అది ఏళ్ళలో, ఒక్కోసారి దశాబ్దాలలో ఉంటుంది. ఈ చివరిదాని గురించి వైద్య ప్రపంచానికి తెలిసినదానిలో కొంత భాగం సింగపూర్ రోగుల నుంచే వచ్చింది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

చిత్తడి నేల, మండలే రోడ్డు

టోవా పాయో అంటే పెద్ద చిత్తడి నేల. హొక్కియెన్ భాషలో ‘టోవా’ పెద్దది, మలయ్ భాషలో ‘పాయా’ చిత్తడి. రెండూ కలిసి ఊరి పేరైంది. కూరగాయల మళ్ళు, పందుల కొట్టాలు, తాటాకు ఇళ్ళు ఉండిన ఆ నేలను 1960లలో మెరక చేసి గృహనిర్మాణ మండలి ఒక పట్టణాన్నే కట్టింది. సింగపూర్ సర్కారు తన ప్రగతిని విదేశీ అతిథులకు చూపించుకున్న పట్టణం ఇది. 1972లో ఎలిజబెత్ రాణి ఇక్కడి ఒక బహుళ అంతస్తుల భవనం పైకెక్కి చుట్టూ చూసింది. 1959లో మొదలైన థామ్సన్ రోడ్డు జనరల్ ఆసుపత్రి 1975లో టోవా పాయో ఆసుపత్రిగా పేరు మార్చుకుని, 1997లో ద్వీపం తూర్పు కొసన ఉన్న సీమేకి తరలిపోయేదాకా ఈ ప్రాంతపు ఆసుపత్రిగా ఉండింది.

చర్మరోగాల దారి మాత్రం వేరు. 1940లో జపనీయులు మిడిల్ రోడ్డులో ‘డోజిన్’ అనే పేరుతో ఒక ఆసుపత్రి కట్టుకున్నారు. యుద్ధానంతరం బ్రిటిషువాళ్ళు దానిని సుఖవ్యాధుల చికిత్సకు కేటాయించారు. క్రమంగా చర్మరోగాలన్నీ అక్కడికే చేరాయి. దీనివల్ల ఒక ఇబ్బంది వచ్చిపడింది. కాలి మీద గజ్జి ఉన్నవాడు కూడా మిడిల్ రోడ్డు ఆసుపత్రికి వెళుతున్నానని బయటికి చెప్పుకోలేకపోయేవాడు. ఆ గుమ్మం ఎక్కినవాడిని లోకం ఒకే చూపు చూసేది. మచ్చ కనిపించిన నాటికీ వైద్యుడి దగ్గరికి వెళ్ళిన నాటికీ నడుమ గడిచే కాలంలో సిగ్గుకు ఎంత వాటా ఉంటుందో లెక్కించిన వారు లేరు గాని, మన ప్రాంతాల్లో కుష్ఠు భయం చేసిన పని అక్కడ ఆ ఆసుపత్రి పేరు చేసిందనుకోవచ్చు. 1988 నవంబరులో మిడిల్ రోడ్డు ఆసుపత్రి మూతపడి, దాని స్థానంలో మండలే రోడ్డులో జాతీయ చర్మవైద్య కేంద్రం మొదలైంది. దానికి ఒక ఏడాది ముందు, 1987 నవంబరు 7న, సింగపూర్ మొట్టమొదటి మెట్రో రైలు నడిచింది. యో చూ కాంగ్ నుంచి టోవా పాయో దాకా అయిదు స్టేషన్లు. నొవీనా మరుసటి నెలలో తెరుచుకుంది.

ఇక్కడ తెలుగు పాఠకుడిని ఒక్క నిమిషం ఆపాలనిపిస్తుంది. ఆ ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల పేర్లు మండలే, మౌల్మీన్, రంగూన్, ఐరావతి, పెగూ, అక్యాబ్. కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి, గంజాం నుంచి పడవలెక్కి ‘రంగం’ పోయిన మన తాత ముత్తాతలు కూలి చేసిన ఊళ్ళు అవి. ఆ పేర్లను మోసుకుని తిరిగే వీధుల్లో ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ తెలుగువాడు ఆసుపత్రి దారి వెతుక్కుంటాడు. చరిత్రకు ఇందులో ఉద్దేశమేమీ లేదు. బ్రిటిషు సామ్రాజ్యపు పేర్లు పెట్టే పద్ధతి అంతే.

పాషాణం

1970ల తొలినాళ్ళలో సింగపూర్ ఆసుపత్రులకు ఒక రకం రోగులు రావడం మొదలైంది. అరచేతుల్లో, అరికాళ్ళలో ఆనికాయల వంటి గట్టి పొక్కులు. వీపు మీద, పొట్ట మీద ముదురు రంగులో లేత చుక్కలు, మట్టి నేల మీద వాన చినుకులు పడ్డట్టు. కొందరికి పొలుసు రేగిన ఎర్రటి మచ్చలు. కొందరికి కాళ్ళలో తిమ్మిరి. ఎక్కువమంది ఉబ్బసం రోగులు. తే చాంగ్ హాయ్, సియా చెంగ్ సియాంగ్ అనే ఇద్దరు వైద్యులు వీళ్ళ చరిత్రలను ఓపికగా అడిగి తెలుసుకుని, 1975లో ఒక ఆస్ట్రేలియా వైద్య పత్రికలో 74 మంది గురించి ప్రకటించారు. ఉబ్బసానికి అంగళ్ళలో దొరికే చైనా మూలికా మాత్రలలో ఆర్సెనిక్ ఉందని, ఆ విషమే వీళ్ళ చర్మం మీద తేలిందని వాళ్ళు నిర్ధారించారు. సర్కారు ఆ మందులను అదుపు చేసింది.

మందులు ఆగిపోయాయి గాని ఒంట్లోకి వెళ్ళిన విషం మాట మిగిలింది. ఆర్సెనిక్ స్వభావం చిత్రమైనది. అది తిన్న నాడే చంపవచ్చు. చంపకపోతే ఇరవై, ముప్ఫై ఏళ్ళు మౌనంగా ఉండి ఆ తరువాత చర్మం మీద, ఊపిరితిత్తుల్లో, మూత్రాశయంలో క్యాన్సరై లేవవచ్చు. 1998లో జాతీయ చర్మవైద్య కేంద్రం వైద్యులు ఇలాంటి 17 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఎక్కువమందికి పాత రోజుల్లో మింగిన చైనా మందులే కారణం. కొద్దిమందికి బావి నీళ్ళు. మిడిల్ రోడ్డు కాలంలో మింగిన మాత్రకు జవాబు మండలే రోడ్డులో వచ్చిందన్నమాట. ఆ జవాబు కోసం తాము ఎదురుచూస్తున్నట్టు ఆ మనుషులకు తెలియదు. ఉబ్బసం తగ్గింది, పెళ్ళిళ్ళయ్యాయి, చిత్తడి నేలలోని పల్లెల నుంచి చాలామంది కొత్త ఫ్లాట్లలోకి మారారు. ఏదో ఒక రోజు స్నానం చేస్తూ నడుము పక్కన మానని మచ్చ చూసుకున్నారు.

ఇది ‘చైనా మందుల’ తప్పని చులకనగా తీసిపారేయడానికి వీల్లేదు. 1786లో థామస్ ఫౌలర్ అనే ఆంగ్ల వైద్యుడు ఆర్సెనిక్ ద్రావణాన్ని జ్వరాలకు మందుగా ప్రవేశపెట్టాడు. నీళ్ళనుకుని ఎవరూ తాగెయ్యకుండా దానికి లావెండర్ వాసన కలిపాడు. ఐరోపా, అమెరికా వైద్యులు దానిని నూటయాభై ఏళ్ళకు పైగా చలిజ్వరానికీ, ఉబ్బసానికీ, ముఖ్యంగా సోరియాసిస్‌కూ వాడారు. 1880ల చివర లండన్‌లో జోనథన్ హచిన్సన్ ఈ మందు ఏళ్ళ తరబడి తీసుకున్న సోరియాసిస్ రోగుల అరచేతుల్లో పొక్కులు లేచి, అవి క్యాన్సరుగా మారడం గమనించి బయటపెట్టాడు. మనకూ ఈ ద్రవ్యం కొత్త కాదు. రసశాస్త్రంలో తాళకం, మణిశిల అనేవి ఆర్సెనిక్ ఖనిజాలే. వాటిని శుద్ధి చేయకుండా వాడరాదని గ్రంథాలు హెచ్చరిస్తాయి. శుద్ధి ఎంతవరకు జరిగిందో సీసా మీది చీటీ చూసి తెలుసుకోవడం మాత్రం కొనేవాడి వల్ల కాదు.

నీటి ద్వారా వచ్చిన ఆర్సెనిక్ కథ ఇంకా పెద్దది. తైవాన్ నైరుతి తీరంలో లోతు బావుల నీళ్ళు తాగిన 37 గ్రామాలలో 40,421 మందిని పరీక్షించి సెంగ్, ఆయన సహచరులు 1968లో 428 చర్మ క్యాన్సర్లను లెక్కపెట్టారు. 1980ల తొలి సంవత్సరాలలో కలకత్తాలో కె.సి. సాహా అనే చర్మవైద్యుడు పల్లెల నుంచి వచ్చిన రోగుల అరచేతులు చూసి పశ్చిమ బెంగాల్ గొట్టపు బావులలోని విషాన్ని పసిగట్టాడు. ఈ కథలన్నిటిలోనూ మొదటి సాక్ష్యం చర్మమే ఇచ్చింది.

ఆర్సెనిక్ రోగుల చర్మం మీద తరచు కనిపించే పొలుసు మచ్చకు వైద్యంలో బోవెన్ వ్యాధి అని పేరు. బోస్టన్ వైద్యుడు జాన్ బోవెన్ 1912లో దానిని వర్ణించాడు. క్యాన్సర్ కణాలు చర్మపు పై పొరలోనే ఉండి, కింది పొరలోకి ఇంకా దిగని స్థితి అది. దిగుతాయా? చాలావాటిలో దిగవు. కొన్నింటిలో దిగుతాయి. ఏది దిగుతుందో చూపుకు తెలియదు. ‘ఇది క్యాన్సరేనా?’ అని అడిగిన రోగికి వైద్యుడు అవుననీ కాదనీ రెండూ ఒకేసారి చెప్పవలసిన పరిస్థితి.

మైనంలో ముక్క

‘బయాప్సీ’ అనే మాటకు నూటయాభై ఏళ్ళు కూడా నిండలేదు. పారిస్‌లో సెయింట్ లూయీ ఆసుపత్రిలో పనిచేసిన ఎర్నెస్ట్ బెనియే 1879లో ఆ మాట పుట్టించాడు. ఆయన చర్మవైద్యుడు కావడం కాకతాళీయం కాదు. బతికున్న మనిషి నుంచి ముక్క తీసి చూడడం చర్మం విషయంలో సులువు. అవయవం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. 1887లో న్యూయార్కులో ఎడ్వర్డ్ కీస్ గుండ్రని అంచున్న చిన్న పనిముట్టు తయారుచేశాడు. దాన్ని చర్మం మీద పెట్టి తిప్పితే గుజ్జు తీసినట్టు ఒక దిమ్మ ఊడి వస్తుంది. ఇవాళ మండలే రోడ్డులో వాడేదీ ఆ జాతి పనిముట్టే. ఒకసారి వాడి పారేసేది, అంతే తేడా.

అంతకుముందు నిర్ధారణ అంటే కంటి చూపు, చేతి స్పర్శ, ఆపైన కాలం. ముదిరితే క్యాన్సర్, ముదరకపోతే కాదు. 1804లో పారిస్‌లో రెనె లెనెక్ నల్లటి గడ్డల గురించి ఉపన్యసించి వాటికి ‘మెలనోస్’ అని పేరు పెట్టినప్పుడు ఆయన చూసినవి శవాలలో. 1820లో ఇంగ్లండులో విలియం నోరిస్ తన రోగి పొట్ట మీది మచ్చ గడ్డగా పెరిగి ఒళ్ళంతా పాకి ప్రాణం తీయడాన్ని కళ్ళారా చూసి రాశాడు. ఆ కుటుంబంలో మరికొందరికి కూడా మచ్చలు ఎక్కువని గమనించి, ఇది వంశపారంపర్యం కావచ్చునని ఊహించాడు. ఊహ సరైనది. నిర్ధారణ మాత్రం మరణంతోనే దొరికింది.

తీసిన ముక్క నుంచి జవాబు రావడానికి రోజులు ఎందుకు పడతాయో చూద్దాం. ముందు అది కుళ్ళకూడదు. అందుకు ఫార్మలిన్‌లో వేస్తారు. ఈ ఉపాయం 1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లూమ్‌కు తట్టింది; ఫార్మలిన్‌తో పనిచేస్తుంటే తన వేళ్ళ చర్మమే గట్టిపడడం చూసి ఆయన ఆ దారి పట్టాడంటారు. ఫార్మలిన్ ముక్క లోపలికంటా ఇంకడానికి గంటలు కావాలి. ఆ పైన సారాయిలో ఉంచి నీరంతా లాగెయ్యాలి, సారాయిని మరో ద్రావకంతో తొలగించాలి, ఖాళీ అయిన చోటులోకి కరిగిన మైనం ఎక్కించాలి. మైనం గట్టిపడ్డాక వెంట్రుక మందంలో పదో వంతు కన్నా పలచగా పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేస్తారు. నీలం రంగు మెక్సికో ప్రాంతపు ఒక చెట్టు చేవ నుంచి వచ్చినది; గులాబీ రంగు కృత్రిమ రసాయనం. పందొమ్మిదో శతాబ్దం చివర కుదిరిన ఈ వరసలో యంత్రాలు చేరాయి గాని మెట్లు పెద్దగా తగ్గలేదు.

తొందరపెట్టిన వాళ్ళు లేకపోలేదు. అమెరికాలో మేయో సోదరుల ఆసుపత్రిలో, రోగి బల్ల మీద ఉండగానే జవాబు కావాలని శస్త్రవైద్యులు కోరితే, 1905 జనవరిలో లూయీ విల్సన్ అనే పాథాలజిస్టు గడ్డకట్టే చలిలో ముక్కను కిటికీ బయట పెట్టి గడ్డకట్టించి, కోసి, రంగు వేసి, నిమిషాల్లో చూపించాడు. ఈ పద్ధతి ఇవాళా నిత్యం వాడుకలో ఉంది. అనుమానపు పుట్టుమచ్చలకు మాత్రం పనికిరాదు. గడ్డకట్టినప్పుడు కణాల ఆకారం చెదురుతుంది. మెలనోమా అవునా కాదా అన్న తీర్పు ఆ ఆకారపు సూక్ష్మాల మీదే ఆధారపడుతుంది. అందుచేత తొందర కుదరని చోట మైనపు ముక్క దారే ఇంకా నడుస్తోంది.

సోఫీ స్పిట్జ్ పిల్లలు

ఇంతదాకా చెప్పినది మూడు నాలుగు రోజుల లెక్క. మిగతా రోజులు ఎక్కడికి పోతాయన్నది వేరే కథ. ఆ కథలో ముఖ్యపాత్ర సోఫీ స్పిట్జ్.

1910లో పుట్టిన స్పిట్జ్ న్యూయార్కులో మెమోరియల్ ఆసుపత్రిలో పాథాలజిస్టు. అప్పటికి వైద్యులకు ఒక చిక్కు ఎదురవుతూ ఉండేది. పిల్లల చర్మం మీద ఎర్రటి బుడిపెలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే అచ్చంగా మెలనోమా. పెద్దలలో అయితే ఆ రూపానికి మరణమే ముగింపు. పిల్లలు మాత్రం చావడం లేదు. 1948లో స్పిట్జ్ ఇలాంటి 13 మంది పిల్లల స్లైడులను కూర్చి, వాళ్ళ తరువాతి జీవితంతో పోల్చి ఒక వ్యాసం రాసింది. వాళ్ళలో ఒక్కరే చనిపోయారు. పిల్లల మెలనోమాలో కొన్ని ప్రత్యేక కణాలు కనిపిస్తాయనీ, వాటిని గుర్తుపడితే ఏది ప్రమాదం కాదో చాలావరకు చెప్పవచ్చుననీ ఆమె వాదించింది. తరువాతి వాళ్ళు ఇంకో అడుగు వేసి, ఇది అసలు క్యాన్సరే కాదని తేల్చి, దానికి ఆమె పేరే పెట్టారు. ఆమె 1956లో, నలభై ఆరేళ్ళకే, పెద్దపేగు క్యాన్సర్‌తో చనిపోయింది.

చదివినప్పుడల్లా నన్ను ఆపేది ఆ పదమూడో స్లైడు. పన్నెండు మంది బతికారు, ఒకరు పోయారు; గాజు పలకల మీద ఆ తేడాను నిశ్చయంగా చూపడం ఎంత కష్టమో తరువాతి డెబ్భై ఏళ్ళ పాథాలజీ అంతా చెబుతూనే ఉంది. చివరకు ఆ రంగంలో ఒక కొత్త వర్గమే పుట్టింది. ‘స్వభావం అనిశ్చితం’ అని. నివేదికలో ఆ మాట రాసే పాథాలజిస్టు బద్ధకించి రాయడు. రెండో నిపుణుడికి, మూడో నిపుణుడికి చూపించి, అదనపు రంగులు వేయించి, అప్పటికీ తేలనప్పుడు రాస్తాడు. బయట ఎదురుచూసేవాడికి మాత్రం ఆ రోజుల్లో వచ్చేది ఒకే కబురు, ఫలితం ఇంకా రాలేదని.

కొలతలు తెచ్చి ఈ అనిశ్చితిని తగ్గించడానికి ప్రయత్నాలు జరిగాయి. 1969లో వాలెస్ క్లార్క్ కణాలు చర్మంలో ఏ పొర దాకా దిగాయో అయిదు మెట్లుగా విభజించాడు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో ఇంకా సులువుగా, గడ్డ లోతును మిల్లీమీటర్లలో కొలిస్తే చాలన్నాడు. ఆ కొలత ఇవాళ్టికీ రోగి భవిష్యత్తు చెప్పడంలో ప్రధానమైనది. 1985లో న్యూయార్కు వైద్యులు సౌష్ఠవం లేకపోవడం, అంచు చెదరడం, రంగులు కలగాపులగం కావడం, వ్యాసం ఆరు మిల్లీమీటర్లు మించడం అనే నాలుగు గుర్తులను జనానికి నేర్పారు. ఇవన్నీ ఉపయోగపడ్డాయి. కాని లోతు కొలవాలంటే ముందు అది మెలనోమా అని ఒప్పుకోవాలి కదా. పేచీ అక్కడే ఉంది.

ఆ పేచీ ఎంతటిదో 2017లో ఒక బ్రిటిషు వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంకెల్లో చూపింది. అమెరికాలోని 187 మంది పాథాలజిస్టులకు 240 పుట్టుమచ్చల స్లైడులు ఇచ్చి అయిదు వర్గాలుగా చెప్పమన్నారు. అనుభవజ్ఞుల బృందం ముందే ఇచ్చిన తీర్పుతో పోల్చితే, మామూలు మచ్చలను నూటికి 92 సార్లు సరిగా చెప్పారు. బాగా ముదిరిన మెలనోమాను 72 సార్లు. నడిమి మూడు వర్గాలలో ఆ అంకె 25, 40, 43. కొన్ని నెలల తరువాత అవే స్లైడులు అదే మనిషికి తిరిగి ఇస్తే, రెండో వర్గంలో తన మాటతో తానే ఏకీభవించింది మూడోవంతు కన్నా కాస్త ఎక్కువసార్లు మాత్రమే. ఇది చదివి పాథాలజిస్టులను నిందించడం తేలిక. నాకు మాత్రం ఇది వాళ్ళ అసమర్థతగా కనిపించదు. ప్రకృతి గీత గీయని చోట గీత గీయమని మనం వాళ్ళను అడుగుతున్నాం.

మన చర్మం

ఇంతకీ గోధుమరంగు చర్మం గలవాడికి ఈ గొడవ ఎందుకన్న ప్రశ్న రావచ్చు. తెల్లవాళ్ళ జబ్బు కదా అని మనలో చాలామందికి ధీమా. ఆ ధీమాలో కొంత నిజం ఉంది. సింగపూర్‌లో పాథాలజీకి పితామహుడనదగిన కె. షణ్ముగరత్నం 1968లో అక్కడి క్యాన్సర్ నమోదు వ్యవస్థను ప్రారంభించాడు. ఒకే ఎండలో, భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ ఎగువన, చీనీయులు, మలయ్‌లు, భారతీయులు కలిసి బతికే చోట ఇలాంటి లెక్క దొరకడం అరుదు. 1968 నుంచి 1997 దాకా అందులో నమోదైన చర్మ క్యాన్సర్లు 4,044. లక్ష మందికి ఏటా 6.0 ఉన్న రేటు ముప్ఫై ఏళ్ళలో 8.9కి చేరింది. చీనీయులలో రేటు మిగతా ఇద్దరి కన్నా సుమారు మూడు రెట్లు. చర్మంలోని నలుపు ఎండకు గొడుగు పడుతుందన్నది ఈ లెక్క చెప్పిన మాట.

అయితే గొడుగు అవసరం లేని చోట పుట్టే క్యాన్సర్ కూడా ఉంది. అరికాలు, అరచెయ్యి, గోటి కింద. 1976లో రిచర్డ్ రీడ్ దీనిని వేరే రకం మెలనోమాగా గుర్తించాడు. దీనికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. ఆసియా, ఆఫ్రికా జనాల్లో వచ్చే మెలనోమాలలో దీని వాటా చాలా ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోటి కింద నల్లటి మచ్చ రూపంలో బయటపడింది ఇదే. బంతాటలో తగిలిన దెబ్బ అనుకున్నాడు. 1981 మే 11న, ముప్ఫై ఆరేళ్ళకు చనిపోయాడు. మన ఊళ్ళలో అరికాలి నల్లమచ్చను ఆనికాయ అనో, ముల్లు విరిగిందనో, జీడి అంటిందనో అనుకుని నెలలు గడిపేవాళ్ళ దారి దీనికి భిన్నం కాదు. బయాప్సీ తరువాతి రెండు వారాల గురించి బెంగపడతాం గాని, చాలామంది విషయంలో అసలు కాలం అంతకు ముందే ఖర్చయిపోయి ఉంటుంది.

అలవాట్లు తెచ్చిపెట్టే చర్మ క్యాన్సర్ల చరిత్రలో మన దేశానికి పెద్ద పీటే ఉంది. 1866లో కశ్మీరులో ఎల్మ్‌స్లీ అనే మిషనరీ వైద్యుడు, చలికాలంలో దుస్తుల లోపల పెట్టుకునే కాంగ్రీ కుంపటి వేడికి పొట్ట మీద, తొడల మీద పుట్టే క్యాన్సర్ గురించి రాశాడు. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పాథాలజిస్టు ఖానోల్కర్, సూర్యాబాయి కలిసి అలవాట్ల వల్ల వచ్చే క్యాన్సర్ల మీద రాసిన వ్యాసంలో రెండు విషయాలు మనవి. ఒకటి పంచె బిగించి కట్టే నడుము చోట, ఏళ్ళ తరబడి ఒరుసుకుని రంగు మారి, పొలుసు కట్టి, చివరికి పుండైన చర్మం. రెండోది చర్మం కాదు, అంగిలి. విశాఖ, శ్రీకాకుళం తీరాల ఆడవాళ్ళు నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ. 1971లో శ్రీకాకుళం జిల్లాలో పిండ్‌బోర్గ్, మెహతా బృందం 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళు చూసి రాసినదాన్ని చదివితే మళ్ళీ అదే చిక్కు ఎదురవుతుంది. తెల్లబారిన అంగిళ్ళు ఎన్నో. వాటిలో క్యాన్సర్‌గా మారేవి కొన్నే. ఏ ముసలమ్మది మారుతుందో చూపుకు అందదు.

పుట్టుమచ్చతో తెలుగువాడి అనుబంధం మరీ వేరు. పంచాంగాలలో బల్లి శాస్త్రం పక్కన పుట్టుమచ్చల శాస్త్రం ఉండేది: కుడి భుజం మీద ఉంటే ఒక ఫలం, ఎడమ పాదాన ఉంటే ఇంకొకటి. శరీరం మీది చుక్కను చూసి భవిష్యత్తు చెప్పడం, అందులోని అనిశ్చితిని మాత్రం ఎక్కడా ఒప్పుకోకపోవడం ఆ శాస్త్రపు లక్షణం. సర్కారు దాన్ని ఇంకో రకంగా వాడుకుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నాల కింద రెండు పుట్టుమచ్చలు రాస్తారు. పరీక్ష ఫారాలు నింపే రోజున క్లాసు టీచరు ఒక్కొక్కరినీ పిలిచి, చొక్కా చేతులు పైకి మడిపించి, మెడ పక్కకు తిప్పించి మచ్చలు వెతకడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దొరకనివాళ్ళకు ఏ మోకాలి గాయమో రాసేవారు. ఆ మచ్చ ఎప్పటికీ అక్కడే, అలాగే ఉంటుందన్న నమ్మకం మీద ఆ పత్రం ఆధారపడింది. చర్మవైద్యుడు రోగిని అడిగే మొదటి ప్రశ్న దీనికి సరిగ్గా ఎదురు: ‘ఇది ఎప్పటి నుంచి ఉంది? మారిందా?’ అప్పుడు ఆ సర్టిఫికెట్ ఎంత పనికొస్తుందో చెప్పలేను. మచ్చ ఫలానా ఏడాదికి ఉందని మాత్రం అధికారిక సాక్ష్యం ఇస్తుంది. ఎంత ఉందో, ఏ రంగులో ఉందో చెప్పదు.

మండలే రోడ్డులో తీసిన ముక్క ఫలితం వచ్చాక కూడా పారవేయబడదు. మైనపు దిమ్మను, గాజు పలకలను ఏళ్ళ తరబడి భద్రపరుస్తారు. మచ్చ మళ్ళీ లేచినా, మరో వైద్యుడు సందేహించినా, కొత్త పరీక్ష ఏదైనా వచ్చినా తీసి చూడడానికి. రోగి సింగపూర్ వదిలి హైదరాబాదుకో, మెల్బోర్న్‌కో మారిపోయినా అది అక్కడే, తన అంకెతో, అరలో ఉంటుంది. ఇంట్లో ఇనప్పెట్టెలోని పదో తరగతి కాగితంలో అదే మచ్చ ఇంకా ఎడమ చెంప మీద ఉంటుంది.